అమ్మ చారల దోస, అక్క పిడకలు

1984 జూన్ 10, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, హన్మకొండలో కొత్తగా కొన్న ఇంటి పెరట్లో కూర్చుని, ఏడు పేడ పిడకల్లో రెండింటిని నీళ్లలో నానబెట్టి విప్పాను. అరవై దోసగింజలు దొరికాయి.

అవి మా అమ్మ దాచిన గింజలు. ఆకుపచ్చ చారలున్న చిన్న కాయ, తోలు మందం, ఉట్టిలో వేలాడదీస్తే శివరాత్రి దాకా చెడేది కాదు. మా ఊళ్లో ఆ రకం మరెవరూ వేయలేదు. అమ్మ ఏటా గింజలను బూడిదలో దొర్లించి, పేడలో కలిపి, పిడకలుగా గోడకు కొట్టి, ఎండిన తరువాత పొగ తగిలేలా పొయ్యి మీద తాడుకు కట్టేది. 1974 వేసవిలో ఆమె పోయేనాటికి ఏడు పిడకలు మిగిలాయి. అద్దె గదిలో ఉన్న నాకు జానెడు మన్ను లేదు. అందుకని వాటిని ధర్మసాగర్‌లో కాపురముంటున్న అక్కకు అప్పగించాను. 1975 నుంచి ఏటా ఒక ఉత్తరంలో వాటి క్షేమం అడిగేవాణ్ని. ‘పిడకలు పైలం’ అని అక్క జవాబు రాసేది. ఇల్లు కొన్నాక వెళ్లి ఆ ఏడూ తెచ్చుకున్నాను.

పదేళ్ల గింజ ఊరికే మొలవదని నాకు తెలుసు. ప్రతి గింజ మొననూ గరుకు రాయి మీద ఒక్కసారి రుద్ది, గోరువెచ్చని నీళ్లలో పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, పొయ్యి పక్కన ఊకబుట్టలో పాతిపెట్టాను. పూటకోసారి గుడ్డ తడిపాను. అరవైలో పది మొలిచినా చాలు, ఒక్క తీగ కాసినా రకం నిలుస్తుందని నోటుబుక్కులో రాసుకున్నాను.

నాలుగో రోజు మూట విప్పితే యాభై ఒక్క మొలకలు.

“అత్తమ్మ చెయ్యి సూడుండ్రి! పోయి పదేండ్లాయె, ఇంక మొలిపిస్తనే ఉన్నది” అని నా భార్య మురిసిపోయింది.

నేనూ మురిశాను. ఆ అంకె రాసి, పోల్చి చూద్దామని 1971 నాటి పుస్తకం తీశాను. అమ్మ మూడేళ్ల నాటి గింజలు నలభై వేస్తే ఇరవై మూడు మొలిచినట్టు అందులో నా రాతే ఉంది. మూడేళ్లకే అంతగా చచ్చిన గింజ, పదేళ్లకు ఇలా మొలవదు. ఆ మాట కాగితం మీద పెట్టలేక పుస్తకం మూసేశాను. జీవితంలో మొదటిసారి నా లెక్క తప్పు కావాలని కోరుకున్నాను.

ఆగస్టు రెండో వారానికి కాయలు రంగు తిరిగాయి. గుండ్రంగా, నున్నగా, పసుపుపచ్చగా. ఒక్కదాని మీదా చార లేదు. మార్కెట్లో గంపలకొద్దీ దొరికే దోసకాయలే.

రెండు కాయలు సంచిలో వేసుకుని ధర్మసాగర్ బస్సెక్కాను. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కాయలు ఆమె ముందు పెట్టాను. చేట ఆగింది.

“అమ్మవి ఎన్నడు పోయినయక్కా?”

“డెబ్బయ్యారుల. ఇంటికి సున్నమేసేటప్పుడు పొయ్యి మీదికెల్లి ఇప్పి మూలకు వెట్టిన. మళ్ల కట్టుడు మర్శిన. పొగ లేకపాయె, చెదలువట్టినయి. ముట్టుకుంటే పిండైనయి.”

“మరి నాకిచ్చినవి?”

“నువ్వు ఇల్లు కొన్నవని తెల్వంగనే నేనే కొట్టిన. అంగడిల కాయ కొని గింజ తీసిన. పాతయి లెక్క కనవడాలని రెండు నెల్లు పొగవెట్టిన.”

“ఒక్క ఉత్తరంల చెప్పకపోతివి.”

“నీకా తమ్మీ? గింజకు గింజ లెక్కడుగుతవు. నీ ముందట నిలవడుడంటే కచేరీల నిలవడ్డట్టే. మొలిస్తే మురుస్తవనుకున్న. చార లేదని కాయను గూడ ముద్దాయిని జేస్తవని ఎవలకెర్క?” అని నవ్వబోయింది.

నాకు నవ్వు రాలేదు. తొమ్మిది జవాబుల్లో మొదటిది నిజం. తక్కిన ఎనిమిదీ అబద్ధాలు. చెదలను క్షమించగలను, మరుపునూ క్షమించగలను. ఆ పొగను క్షమించలేకపోయాను.

అక్కకు తెలియనిది ఒకటుంది. అమ్మ దగ్గర ఆ గింజ తీసుకెళ్లి సాగు చేసింది ములుగులోని మా పిన్నమ్మ ఒక్కతే. 1978 డిసెంబరులో నేను అక్కడికి వెళ్లినప్పుడు, కొంగుముడి విప్పి గుప్పెడు గింజలు ఇవ్వబోయింది. “అక్క దగ్గర ఏడు పిడకలున్నయి పిన్నీ, నువ్వే ఉంచుకో” అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పటికి ఆ పిడకలు పిండై రెండేళ్లు దాటింది.

మరుసటి ఆదివారం ములుగు వెళ్లి పిన్నమ్మను గింజలడిగాను.

“ఆనాడు తీస్కపొమ్మంటే చెయ్యి గుంజుకుంటివి గద బిడ్డా. అవే ఆఖరు. మళ్ల వానలకు పెరట్ల వెడితే కోళ్లు కెలికినయి” అంది. తరువాత, “మీ అక్క దగ్గరియి ఏమాయె?” అని అడిగింది.

“మొలవలే” అన్నాను.

పోయినవి: అమ్మ కొట్టిన ఏడు పిడకలు, 1976లో. పిన్నమ్మ గుప్పెడు గింజలు, 1979లో. వాటితో చారల దోస.

మిగిలినవి: అక్క కొట్టిన పిడకలు ఐదు. మా పెరటి కాయలు పదిహేడు, కూరకు పనికివచ్చాయి. అక్క ఉత్తరాలు తొమ్మిది. పదో ఏడు నేను ఉత్తరం రాయలేదు.