ఎంతసేపైనా ఆగమన్న డ్రయ్యర్

ఈ రోజు శుక్రవారం, సాయంత్రం ఆరుంబావు. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

అరకులో మా కాఫీ గింజల డ్రయ్యర్ మొన్న ఒక వాయి మొత్తం మాడ్చేసింది. దాని కంట్రోలర్‌కు ప్రోగ్రాం రాసిన ఇంజనీరు వచ్చి, తప్పు యంత్రం చూసుకొనే సన్యాసమ్మదని, ఆమెను పనిలోంచి తీసేయాలని రిపోర్టు రాశాడు. పావుగంటకోసారి వేడి రాయించే మా పుస్తకం చూపిస్తే నవ్వాడు.

"ఇది క్షణం తప్పకుండా పనిచేసే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ మామ్మగారూ, మీ పుస్తకానికి అందదు."

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ప్రోగ్రాంలు రాసే పనిలోనే ఉన్న మనవరాలికి అతని ప్రోగ్రాం పంపి చదివించాను. ప్రోగ్రాం ఏం కావాలన్నా ఆ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను అడగాలి, ఆ అడగడమే సిస్టమ్ కాల్. వేడి కొలిచే సెన్సర్ జవాబుకు ఎంతసేపు ఆగాలో కూడా అందులోనే చెప్పాలి. ఇతను "ఎంతసేపైనా" అని రాశాడు. తీగ ఊడి సెన్సర్ జవాబివ్వలేదు. ప్రోగ్రాం అలాగే ఆగిపోయింది, హీటర్ మండుతూనే ఉంది. పుస్తకంలో సన్యాసమ్మ రాత: "రెండుంబావుకు ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. ముట్టుకోవద్దన్నారు."

ఈ రోజు అందరి ముందూ ప్రోగ్రాంలో ఆ మాటా, పుస్తకంలో ఈ రాతా అతని చేతే చదివించాను. సన్యాసమ్మ అడిగింది:

"ఏటి బాబూ, ఐదు సెకన్లని రాత్తే సేతులరిగిపోతాయేటి?"

నేను వదల్లేదు. ఇక జరగాల్సినవి ఇవి, తక్కువనిపిస్తే చెప్పండి.

1. ఆ కాల్‌కు గడువు పెట్టాలి. దాటితే హీటర్ ఆరిపోవాలి.
2. రిపోర్టులో సన్యాసమ్మ పేరు కొట్టేసి, అక్కడ ఇంజనీరు తన పేరు తన చేత్తోనే రాయాలి.
3. వచ్చే వాయి ఆరేదాకా డ్రయ్యర్ పక్కనే కూర్చుని పావుగంటకోసారి వేడి రాయాలి. సన్యాసమ్మ దిద్దుతుంది.