మూడు దెబ్బల తర్వాతి ఆగుడు

“తలుపు తెరిచే ఉంటది. ఊకె కొట్టకు” అన్నాను.

“తెరిచున్నా కొడత. మనిషొస్తుండని తెల్వాలె గదనే” అన్నాడు నా పెనిమిటి, అన్నం గిన్నె అందుకుంటూ. పొద్దుటి షిఫ్టుకు పోతున్న ఆయనతో నాకు అవే ఆఖరి మాటలు.

కొత్తగూడెం నుంచి గోదావరిఖనికి మేం వచ్చిన కొత్తలవి. బొగ్గు బాయి అడుగున తీగ గుంజి పైకి గంట కొట్టడం ఆయన పని. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే బొగ్గు నింపిన టబ్బులు గుంజు. మూడు కొడితే మనుషులొస్తున్నారు, మెల్లగా. పైన ఇంజను నడిపే ముసలి కాక ముఖం చూడకుండానే అంతా తెలుసుకునేవాడు. ఆ లెక్కనే మా క్వార్టర్ తలుపుకూ తెచ్చాడు ఈయన. వచ్చినప్పుడల్లా మూడు, అందులో మూడోది కొంచెం ఆలస్యంగా. నేను గొణుగుతుంటే గిన్నె మీద ఒకటి కొట్టేవాడు, ఆపమని. సంతకం దాటి అక్షరం రాని నాకు, ఇది మనవరాలితో రాయిస్తున్న నాకు, ఆ లెక్క మాత్రం వచ్చింది.

ఆ రోజు లోపల కప్పు కూలింది. గంట తీగ తెగింది. ఈయనతో కలిపి నలుగురు అవతల చిక్కుకున్నారు. బతికున్నారో లేదో తెలియక మేమంతా బాయి మూతి దగ్గర కూర్చున్నాం. లోపలి నుంచి వచ్చే నీళ్ల పైపు మీద చెయ్యి ఆనిస్తే ఏదో అదురు. నీళ్లు కొట్టుకుంటున్నాయన్నాడు అక్కడి సారు. నేను చెవి పెట్టాను. మూడు. ఆగింది. నాలుగు. చాలాసేపటికి మళ్లీ మూడు, నాలుగు.

“నీళ్లు లెక్కవెట్టి ఆగుతయా సారూ? మనుషులున్నరు. నలుగురు.”

కాక కూడా చెవి పెట్టాడు. “మన గంటనే బిడ్డా” అని తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

మూడోది ఆలస్యంగానే వస్తోంది. అంత మట్టి, అంత రాయి దాటి ఆయన చెయ్యి ఇనుములో నడిచి నా చెవికి వచ్చింది. ఆ ఏడు దెబ్బలూ ఆగకుండా కొడితే ఉత్త మోతే. నడుమ ఆగాడు గనుకే నలుగురు మనుషులయ్యారు.

తవ్వుతూనే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక మూడు, ఆగి, మూడే వచ్చాయి. మూడోది ఆలస్యం కాలేదు. చెయ్యి వేరేవాళ్లది. ఎవరూ వచ్చి నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

సాయంత్రానికి ముగ్గురు నడిచి వచ్చారు, ఆయన్ను మోసుకొచ్చారు. చేతిలో బలం పోయాక పక్కవాడికి రాయి ఇచ్చి, “ఆగినంక ఇగ మూడే కొట్టు” అన్నాడట.

రాశావా బిడ్డా? ఒకసారి చదివి వినిపించు. గబగబా చదవకు. నేను ఆగిన కాడల్లా నువ్వూ ఆగు.