ఎదురుబొదురు డబ్బాలు

మా చిన్నప్పుడు బతుకమ్మ ఎవరి వాకిట్లో ఆడాలన్నది సౌండు డబ్బాలే తేల్చేవి... తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. చౌటుప్పల్ దగ్గర మా వాడలో డబ్బాలున్నది చిన్నాయన ఇంట్లోనే. కాబట్టి ఆట అక్కడే. నడుమ ఆయన బిడ్డ స్వాతి... నా ఈడుదే. ఏ పాట పెట్టాలో అదే చెప్పాలి, ఎవరెక్కడ నిలబడాలో అదే చెప్పాలి. నాకు కడుపు మండిపోయేది.

అన్నం దగ్గర రోజూ ఇదే ఏడుపు ఏడిస్తే, నేసిన చీరలు ఇవ్వడానికి సిటీకి పోయిన బాపు పాత సామాన్ల బజారులో రెండు పెద్ద చెక్క డబ్బాలు తెచ్చాడు. లోపల క్రాసోవర్ అని చిన్న పలక ఉంటుంది. బరువు శబ్దాన్ని పెద్ద స్పీకరుకు, సన్న శబ్దాన్ని చిన్నదానికి పంచేది అదే. దాని మీది కెపాసిటర్లు ఉబ్బాయని రెండింట్లోనూ కొత్తవి వేశాడు. వైర్లన్నీ విప్పి మళ్లీ అతికించాడు.

బతుకమ్మ ముందురోజు వాడ పిల్లలంతా మా వాకిట్లోకి వచ్చారు. బాపు పాట పెట్టాడు... గొంతు వస్తోంది, డప్పు లేదు! విడివిడిగా పెడితే ఏ డబ్బాకా డబ్బా దడదడలాడుతుంది. రెండూ కలిపితే డప్పు మాయం.

"పెద్దబాపు, మీ డబ్బాలకు సర్దయిందా?" అంది స్వాతి. అందరూ నవ్వుకుంటూ దాని వెనకే పోయారు.

బాపు కెపాసిటర్లు మళ్లీ మార్చాడు. అతుకులు మళ్లీ వేశాడు. అదే పాట... డప్పు లేదు. తెల్లారి రెండు డబ్బాలూ విప్పి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చీర దారాన్ని ఆసు మీద మేకుల చుట్టూ తిప్పి తిప్పి అప్పుడే లేచిన అమ్మ వంగి చూసింది.

"గిదేందయ్యా... గీ డబ్బాల ఎర్రవైరు కుడికుంది, గా డబ్బాల ఎడమకుంది?"

"రెండు జత గదనే. చీరంచుల తీరు ఎదురుబొదురు పెట్టిన."

మేం నేసే చీరల్లో ఒక అంచు మీది చిలుక కుడికి చూస్తే, రెండో అంచుది ఎడమకు చూడాలి. బాపు చేతికి అదే అలవాటు మరి.

"అంచులు సల్లగుండ! ఒక్కపారి రెండూ ఒక్క తీరుగ పెట్టి సూడు."

ఒక డబ్బాలో వైర్లు అటుదిటు మార్చాడు... డప్పు దూకింది! "ఒకటి గాలిని తోస్తాంది, ఒకటి గుంజుతాంది... నడుమల డప్పెట్ల నిలుస్తది!" అని బాపు పగలబడి నవ్వాడు. మళ్లీ మరిచిపోకుండా డబ్బాల్లోంచి బయటికొచ్చే వైర్లకు కూడా ఎర్రపట్టు దారం కట్టాడు.

ఆ సాయంత్రం బతుకమ్మ మా వాకిట్లోనే. డబ్బా మీద చెయ్యేసి ఎంత గర్వంగా నిలబడ్డానో... అయినా నడుమ చేరింది స్వాతే! చప్పట్లన్నీ దానికే.

ఇప్పుడు షాద్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నా. పాటలకు గ్లాసంత బ్లూటూత్ స్పీకరు. "నీ ఇంట్ల జాగ లేదంటివి గద బిడ్డా" అని బాపు ఆ డబ్బాలను స్వాతి కొత్తింటికి ఇచ్చేశాడు. అన్నాను, నిజమే.

మొన్న స్వాతి వాట్సాప్ స్టేటస్‌లో కనిపించాయి... వాకిట్లో మా డబ్బాలు, పైన బంతిపూలు, పక్కకు వేలాడే వైరుకు బాపు కట్టిన ఎర్రదారం. చుట్టూ ఆడవాళ్లు, నడుమ అదే. మళ్లీ మళ్లీ చూశాను కానీ, బాగుందని ఒక్క ముక్క పెట్టడానికి చెయ్యి రాలేదు.

వాడ మారింది, డబ్బాలు చేతులు మారాయి... నా కడుపుమంట మాత్రం అప్పటిదే. మీ ఇంటి డప్పు ఇప్పుడు ఎవరి వాకిట్లో మోగుతోంది? జర చెప్పండి... నాకూ తోడుంటుంది.