మా రేవుకు వాడుక పట్టిన మొసలి

ఈ ముచ్చట ఇన్నేండ్లు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. మా ఊళ్లో బడి కన్నడం, ఇంట్లో మాట తెలుగు. నేను ఏ బడికీ పోలేదు, ఏడేండ్లకే చాకిరేవుకు పోయాను. మోకాళ్లు నీళ్లలో నిలబడనియ్యక పని మానుకున్నాక, కాలనీలో నేను బట్టలుతికిన ఒక పంతులమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించింది. "నీ పని గురించి రాయి తిప్పమ్మా, చదివేవాళ్లుంటారు" అన్నది కూడా ఆమే.

కృష్ణ ఒడ్డున పవర్ ప్లాంటు కొత్తగా పొగ వదులుతున్న కాలం అది. కాలనీ క్వార్టర్లు ఒక్కొక్కటే నిండుతున్నాయి, మాకు చేతినిండా పని. బొగ్గు మసి పట్టిన యూనిఫాంలు ఒట్టి సబ్బుకు లొంగవు. చౌడు మన్ను కలిపిన నీళ్లలో ముంచి బట్టీ పెట్టాలి, అంటే పెద్ద బాన మీద పేర్చి ఆవిరికి ఉడకబెట్టాలి. ఆ తర్వాత పారే నీళ్లలో బండకేసి కొట్టాలి. బోరింగు నీళ్లతో అయ్యే పని కాదు. నది లేదంటే మాకు బతుకు లేదు. ఊళ్లో మేము తరతరాలుగా ఉతికే ఇండ్లను వాడుక ఇండ్లు అంటాము. పొద్దు వాలాక గిన్నె పట్టుకొని పోతే ఆ ఇండ్లవాళ్లు అన్నం, కూర పెట్టేవాళ్లు.

ఒక ఎండాకాలం నది సన్నబడినప్పుడు మా రేవు ముందరి మడుగులోకి మొసలి వచ్చింది. నులక మంచం కంటే పొడుగు. అందరికంటే ఎక్కువ భయపడింది నేను, కాబట్టి ఉపాయం చెప్పింది కూడా నేనే. ప్రతి శుక్రవారం గంగమ్మకు గంట కొట్టి, కోడిని కోసి, తలా పేగులూ నీళ్లలో వదులుదాం, తల్లి దాన్ని మన జోలికి రానియ్యదు అన్నాను. ఎన్నడూ నన్ను మెచ్చుకోని మా అత్త ఈరమ్మ కూడా ఆ రోజు మెచ్చుకుంది.

వానలు పోయి చలి వచ్చింది, మొసలి మాత్రం పోలేదు. ఒక శుక్రవారం పక్కింటివాళ్ల గాడిద నీళ్లు తాగుతుంటే మూతి పట్టి లోపలికి లాక్కుపోయింది. మేము ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాం.

పడుచువాళ్లు మడుగులో తూటాలు పేలుస్తామని లేచారు. ఊరి పెద్ద అయిన గౌడ ఆ పడుచువాళ్లను ఆపి ఫారెస్టు వాళ్లకు కబురు పంపాడు. మాకు మాత్రం ఖండితంగా చెప్పాడు: "హోళీ పున్నమి దాకా చూస్త. అప్పటికి అది పోకుంటే రేవు బంద్. మనిషి పోతే నేను జవాబు చెప్పలేను."

ఫారెస్టు గార్డు హుసేన్ సాబ్ రాయచూరు మనిషి. సన్నగా, చేతిలో గొడుగుతో వచ్చాడు. బోను తెస్తాడనుకున్నాం, నోటుబుక్కు తెచ్చాడు.

"దీన్ని పట్టుకపోతే మడుగు ఖాళీగుంటదా? ఇంకోటి వస్తది" అన్నాడు. "ఇది గీడికే ఎందుకొస్తున్నదో ముందు చూడాలె. ఎప్పుడొస్తది తిప్పమ్మక్కా?"

"ఎప్పుడన్న వస్తది సాబ్. శుక్రవారం మాత్రం తప్పదు."

"శుక్రవారం నాకైతే నమాజు. దానికేముంది?"

గంట సంగతీ కోడి సంగతీ గొప్పగా చెప్పాను. ఆయన నోటుబుక్కు మూశాడు. "గంట తేపో" అన్నాడు.

ఆ రోజు మంగళవారం. అందరినీ గట్టు మీదికి ఎక్కించి, తాను కూడా పైననే నిలబడి గంట కొట్టాడు. మడుగు నడుమ రెండు కండ్లు లేచాయి. మొసలి తిన్నగా ఈదుకుంటూ మేము కోడి వదిలే చోటికే వచ్చి, ఒడ్డు మీద కింది దవడ ఆనించి నోరు తెరిచింది.

"తిప్పమ్మక్కా, పొద్దువాలినంక మీరు గిన్నె పట్టుకొని వాడుక ఇండ్లకు పోతరు గద?"

"పోతం సాబ్."

"ఇదీ గంతే. మీరే దీని వాడుక ఇల్లు."

అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, గాడిద గుర్తొచ్చింది. నా చేత్తో నేనే పిలిచాను దాన్ని. ఆ తర్వాత చాలా రోజులు పక్కింటివాళ్ల మూటలు మా గాడిద మీదే మోశాను.

హుసేన్ సాబ్ చెప్పినట్టు మగవాళ్లు రేవు చుట్టూ లోతు లేని నీళ్లలో తుమ్మ గుంజలు పాతి ముండ్లకంప అల్లారు. ఉతుకుడంతా ఆ కంచె లోపలే. గాడిదలకు గట్టు మీద తొట్టి. మాంసం, చేపల పేగులు నీళ్లలో పడకూడదు. దీనికే మా అత్త అడ్డం తిరిగింది.

"మొక్కు ఆపుతరా? తల్లి కోపం ముందట మొసలి ఎంత?"

"ఆపొద్దత్తా. గట్టు మీదనే వండుదం. తల్లి చూపుతోని తింటది, మనం నోటితోని తిందం. పేగులు గుంత తీసి పూడ్చుదం."

అత్త ఆలోచించింది. "తొడముక్క ఎవరికి?"

"నీకే."

"అయితే తల్లి ఒప్పుకుంటది తీ."

మొదటి శుక్రవారం గంట కొట్టలేదు. అయినా అది వచ్చింది. కంచె బయట నోరు తెరుచుకొని కూర్చుంది. మా అత్త గట్టు మీద నుంచి చేతిలో గరిటె ఊపి, బిచ్చగాళ్లకు చెప్పినట్టే చెప్పింది: "చెయ్యి ఖాళీ లేదు, ముందుకు వో!" హుసేన్ సాబ్ నవ్వి నవ్వి గొడుగు జారవిడిచాడు, అది దొర్లి పులుసు పొయ్యి దాకా పోయింది.

రెండో శుక్రవారం కాసేపే నిలబడింది. మూడోసారి కండ్లు మాత్రం కనిపించాయి, అవి కూడా దూరంగా. నాలుగో శుక్రవారం అసలు రాలేదు. కింద చాలా దూరంలో, మనుషులు పోని బండల మీద ఎండ కాచుకుంటున్నదని చేపలవాళ్లు చెప్పారు. అయినా నమ్మకం కోసం సాబ్ గంట కొట్టాడు. మేము నీళ్లను చూస్తూ ఉంటే పులుసు అడుగంటింది. మడుగు మాత్రం కదలలేదు. హోళీ ఇంకా వారం ఉంది. గౌడ ఆ మాడిన పులుసే రుచి చూసి, "ఉతుక్కోండి. కంచె దాటితే మాత్రం ఊరుకోను" అన్నాడు.

మొసలి మీద నాకు కోపం లేదు. దానికి ఆకలి తెలుసు, తిండి దొరికే చోటు తెలుసు. దాన్ని దూరం పెట్టాలంటే మనం దానికి ఏం పెడుతున్నామో ముందు చూసుకోవాలి. తర్వాత ఏ ఊరి రేవుకు పోయినా నేను మొదట చూసింది బండలను కాదు, ఒడ్డున చేపల పేగులు పడి ఉన్నాయా అని.

కంచె వేసినా భయానికి అప్పటిదాకా ఎవరమూ నీళ్లలో దిగలేదు. గౌడ ఉతుక్కోమన్న మరునాడు పొద్దున్నే అందరికంటే ముందు నేను కంచెలోకి దిగాను. అన్నిటికంటే పెద్ద బండ చూసుకొని, ఒక యూనిఫాం ప్యాంటు తడిపి కొట్టాను. ఆ చప్పుడు ఊళ్లోకి వినబడినట్టుంది, ఒక్కొక్కరే మూటలు నెత్తిన పెట్టుకొని గట్టు దిగడం మొదలుపెట్టారు. ముందు నడుస్తున్నది మా అత్త. నేరుగా నా దగ్గరికి వచ్చి మూట దించింది.

"జరుగవే, అది నా బండ."

నవ్వుకుంటూ పక్క బండకు జరిగాను.