మంచుమీద నా ఒకే ఒక్క మ్యాచి

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చెప్పేదాంట్లో సగం కోసేసి వినడం మా ఇంట్లో అలవాటు. మీరు కొత్తవాళ్లు కనుక పావువంతు కోసుకోండి, చాలు. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ కుర్రాళ్లందరిదీ ఒకటే కల, ఆటల కోటాలో ఉద్యోగం. నాకు ఏ ఆటా రాదు; ఒళ్లు మాత్రం ఊరికి ఈ చివర కద్మాలో మొదలై ఆ చివర మాంగోలో ముగిసేది. లడఖ్‌లో ఐస్ హాకీ ఆడటానికి జట్టు కడుతున్న స్కేటింగ్ మాస్టారు సరిగ్గా అందుకే నన్ను చూసి ఆనందబాష్పాలు రాల్చారు. (నేను నిలబడితే గోల్‌పోస్టులో ఇంక ఖాళీ ఉండదట.)

"ఐసు మీద ఆటేటిరా? మనకి ఐసంటే సేపలబుట్టలోదే కదా!" అన్నాడు ఉక్కు కంపెనీలో ఫర్నేసు దగ్గర కాంట్రాక్టు పని చేసే మా నాన్న.

"ఆట అయిపోయేదాకా ఐసు మీంచి దిగకుండా ఉంటే సర్టిఫికెట్టిత్తారు నాన్నా. దాంతో పక్కా ఉద్యోగం వత్తాది."

ఆయన నవ్వడం మానేశాడు. "అయితే ఎల్లు. నాలాగ ఆ మంట ముందర నిలబడొద్దు నువ్వు." గోల్‌కీపర్ ప్యాడ్లు కొనే తాహతు జట్టుకి లేదని తెలిసి, నిప్పురవ్వలు పడకుండా తను కట్టుకునే పాత తోలు తొడుగులు నా కాళ్లకు ఆయనే కట్టి చూశాడు.

"పాపా, భయ్యాకో తో ఖడా హోనా భీ నహీ ఆతా!" అని, నాకు నిలబడటమే రాదన్న గుట్టు మా చెల్లి హిందీలో విప్పేసింది. నిజమే, చక్రాల స్కేట్ల మీదే నిలబడలేనివాణ్ని.

లడఖ్‌లో చలి ఎంతంటే, నేను దగ్గితే దగ్గు గడ్డకట్టి కిందపడి పగిలింది. (ఇక్కడ కోసుకోండి.) ఈల వేయగానే నేనూ పడ్డాను. లేవబోతే, "లేటే రహో!" అని, అలాగే పడుకుని ఉండమని మాస్టారు అరిచారు. పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల నా నెత్తిమీదుగా, చంకల కిందుగా ఇరవైరెండుసార్లు లోపలికి వెళ్లింది. అవతలి కెప్టెన్ జాలిపడి, "అంకుల్, ఠీక్ హో?" అన్నాడు. (అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు.) అయినా దిగలేదు. ఆఖరి నిమిషంలో ఇరవైమూడోది గుండులా దూసుకొచ్చింది. కాలెత్తాను. ఠప్పుమని తొడుగుకి తగిలి ఆగిపోయింది. చుట్టూ ఉన్న కొండలన్నీ చప్పట్లు కొట్టాయి.

సర్టిఫికెట్టు పట్టుకుని కంపెనీ ఆఫీసుకెళ్తే గుమాస్తా కోటా జాబితాని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చదివాడు. కబడ్డీ ఉంది, ఐస్ హాకీ లేదు. ఇంటికొచ్చి చెప్పాను. నాన్న సర్టిఫికెట్టు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి, "పోనీలే గానీ, ఒక్కటైనా ఆపినావేటిరా?" అన్నాడు.

నేను కల్పించింది ఆ ఒక్కటే. ఇరవైమూడోది కూడా లోపలికే వెళ్లింది. కానీ ఆ మొహం చూస్తూ, "ఒకటి ఆపినాను నాన్నా," అనేశాను. ఆయన దాన్ని మూడు షిఫ్టులకీ చెప్పుకున్నాడు. మరుసటి నెల నేనూ ఆ మంట ముందరే పనిలో చేరాను.

మొన్న ఆయన మా అమ్మాయికి ఆ కథ చెబుతుంటే విన్నాను. ఇప్పుడు మూడు ఆపానట.

"నాలుగు నాన్నా," అన్నాను. "ఒకటి మర్సిపోనావు."