కొట్టేయించుకున్న పేరు

మా పాప బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు దగ్గర నా పేరే ఉంది. అంతకు ముందు ఒకసారి ఆ పేరును నేనే నోరు తెరిచి కొట్టేయించుకున్నాను.

నాకు గర్భసంచి తీసేశాక డాక్టర్లు నాదీ మా ఆయనదీ కలిసిన పిండాన్ని నా చెల్లెలు, మా చిన్నమ్మ కూతురి కడుపులో పెట్టారు. నేనూ అదీ పులివెందులలో ఒకే ఇంట్లో పెరిగిన వాళ్లం. ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో, అది జమ్మలమడుగులో. ఇద్దరు పిల్లల తల్లి, అడగ్గానే సరేనంది. ముందుగానే కోర్టులో ఉత్తర్వు తీసుకున్నాం: మోసేది ఆమె, పుట్టే బిడ్డకు తల్లిదండ్రులం మేము. కాగితంలో ఎట్లా ఉందో అట్లే జరగాలనీ, ఎక్కడ అబద్ధం దొర్లినా చిక్కేననీ లాయరు చెప్పాడు. ఆ ఉత్తర్వుకు నేను చేసిన మర్యాద నా పట్టుచీరలకు కూడా చేయలేదు.

కాన్పుకు ఇంకా మూడు వారాలున్నాయనగా ఒక పొద్దున చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. నొప్పులొస్తుంటే దగ్గరున్న నర్సింగ్‌హోమ్‌లో చేర్చాడట. కోర్టు కవరు ఒళ్లో పెట్టుకుని, మా ఆయనతో ఆటోలో పోయాను. గంట కూడా పట్టని దారి ఆ రోజు ఎంతకీ తరగలేదు.

చెల్లెలు నన్ను చూసి నొప్పిలోనే నవ్వింది. "బయపడాకక్కా. ఈడ నీ పేరే చెప్పినా. మొగుని పేరు బావదే రాయించినా. ఇంగ కాగితాల బాధ లేదులే."

మంచం చివర కేసుషీటు మీద చూస్తే నిజంగానే నా పేరు. కాన్పు వార్డులో నా పేరు! సిగ్గు విడిచి చెప్తున్నాను, ఒక్క నిమిషం సంతోషపడ్డాను. నోరు మూసుకుంటే చాలు, సర్టిఫికెట్ దానంతటదే వస్తుంది.

ఆ వెంటనే ఒళ్లోని కవరు గుర్తొచ్చింది. కన్నది నేనే అయితే కోర్టు కాగితం ప్రకారం చెల్లెలు మోస్తున్న బిడ్డ ఏమైనట్టు? రేపు ఎవరైనా నిలదీస్తే బిడ్డను మా దగ్గర ఉంచుతారా? ఇంకో భయం నోటితో అనలేనిది. కాన్పు బల్ల మీద చెల్లెలికేమైనా అయితే, కాగితం మీద చచ్చేది నేను.

ఇంతలో నర్సు వచ్చింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందనీ, ఆపరేషన్ చేయాలనీ, భర్త సంతకం కావాలనీ చెప్పి మా ఆయన పేరు పిలిచింది. మా ఆయన కదల్లేదు. చెల్లెలి భర్త నేల చూస్తున్నాడు.

"ఆ పేరు నాదమ్మా," అన్నాను. "ఈమెది కాదు."

నర్సు మా మొహాల్లోకి మార్చి మార్చి చూసింది. "ఏంది మీ కథ? పోలీసులకు చెప్పమంటారా?"

అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మకు కవరిచ్చాను. ఆమె నిలబడే ఉత్తర్వు రెండుసార్లు చదివి, కవరు తిరిగి నా చేతికిచ్చింది. బర్త్ రిపోర్టులో ఎవరి పేరు పంపాలో అధికారులను అడగాలనీ, ఇప్పుడు మాటివ్వలేననీ అంది. నర్సు ఎర్ర పెన్నుతో నా పేరూ మా ఆయన పేరూ కొట్టేసి, పక్కన చెల్లెలి పేరూ దాని భర్త పేరూ రాసింది. అతను సంతకం పెట్టాడు. అంతా సరిగ్గా జరిగింది, నాకు మాత్రం ఒకటే గుబులు. ఇక నా పేరు తిరిగి రాదేమో, బర్త్ రిపోర్టు చెల్లెలి పేరుతోనే పంపుతారేమో.

ఆపరేషన్ గది ముందు మొక్కని దేవుడు లేడు. ఏడుపు వినిపించింది. కాసేపటికి నర్సు పచ్చగుడ్డలో చుట్టిన బిడ్డతో బయటికి వచ్చింది. మొహంలో ఇందాకటి కోపం లేదు.

"లోపల బిడ్డను చూపీబోతే ఆయమ్మ కండ్లు మూసుకున్యాది. ఫస్టు మా అక్క చూడాలంటాంది. ఎవురమ్మా అక్క?"

కవరు ఎక్కడ పడేశానో గుర్తు లేదు. చేతులు చాపాను.