దుమ్ముకు పోసిన నీళ్లు

పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే ఉన్నట్టుండి మట్టివాసన వచ్చింది. తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బుతునక లేదు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. మబ్బు లేకుండా మట్టివాసన వచ్చిందంటే అది వాన కాదు, ప్రభుత్వం. మలుపు దగ్గర ఒక ట్యాంకరు రోడ్డు మీది దుమ్మును తడుపుతూ నింపాదిగా వస్తోంది. పట్టణంలో గాలిని బాగుచేసే ప్రణాళికలో అదొక అంశం. ఆ ప్రణాళిక రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు పూర్తిగా లేదు. గాలిని కొలిచే యంత్రం ఉన్న భవనం ముందు ట్యాంకరు ఇంకాస్త శ్రద్ధగా తడుపుతుంది. అక్కడ గాలి నిజంగానే బాగుంటుంది. ఊరి జనమంతా వచ్చి ఆ భవనం ముందే ఊపిరి పీల్చుకుంటే ఇక ఏ సమస్యా ఉండదు. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఖాసింబీ మేడం గుర్తొస్తుంది. టీ గ్లాసు పక్కన పెట్టేస్తాను.

ఆమె మా కాలుష్య నియంత్రణ శాఖలో పర్యావరణ ఇంజనీరు, నాకు మొదటి బాసు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, లోకానికి నా అవసరం చాలా ఉందనే నమ్మకంతో అనంతపురం ఆఫీసులో చేరిన రోజున ఆమె నా సర్టిఫికెట్ల వైపు చూడనైనా చూడలేదు.

"ఏమప్పా, దుమ్ము తిన్నావా యెప్పుడైనా?" అంది.

"లేదు మేడం."

"తింటావులే. జీతమిచ్చేది దానికే."

కదిరి ఆమెది. నాయన పరుపులకు దూది ఏకేవాడు. ఇంట్లో దూది పింజలు అన్నం మీద, నీళ్ల మీద, పిల్లల తలల మీద వాలేవట. వాళ్లమ్మ ప్రతి గ్లాసు మీదా మూత పెట్టేది. నాయన ఊపిరితిత్తులకు మాత్రం మూత దొరకలేదు. ఆమె కాలేజీలో ఉండగానే ఆయన దగ్గి దగ్గి పోయాడు. ఈ సంగతి ఆమె మాకు మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. బరువైన విషయాలన్నీ ఆమె అట్లాగే చెప్పేది. ఏడవాల్సిన చోట నువ్వెందుకు వెటకారం చేస్తావని మా ఇంట్లో నన్ను అడుగుతుంటారు. ఇదీ కారణం.

ఆమె తనిఖీకి ఒక పద్ధతి ఉండేది. ఏ ఫ్యాక్టరీకి పోయినా యజమాని ముందు టీ తెప్పిస్తాడు కదా. ఆమె వద్దనేది కాదు, తాగేదీ కాదు. శింగనమల దాటాక ఒక పల్లె పక్కన చలపతి అనే ఆయన కంకర క్రషరు ఉండేది. నేను మొదటిసారి ఈ పద్ధతి చూసింది అక్కడే. చుట్టూ వేరుశనగ చేలు విభూతి పూసుకున్నట్టున్నాయి. మేడం టీ గ్లాసును బల్ల చివర పెట్టి మాటల్లో పడింది.

"మేడం, టీ సల్లారిపోతాంది," అన్నాడు చలపతి రెండు మూడుసార్లు.

"సల్లారనీప్పా. నాకు తొందర ల్యా."

లేచేటప్పుడు ఆ గ్లాసును మెల్లగా ఆయన ముందుకు జరిపింది. "ఇంగ నువ్వు తాగు."

టీ మీద బూడిద రంగు పొర తేలుతోంది. చలపతి తెలివైనవాడు. "మీగడ మేడం, మా పాలు సిక్కన," అన్నాడు.

"మీగడైతే ఇంగా మంచిది. వదిలిపెట్టొద్దు."

చలపతి తాగలేదు. గాలిని కొలిచే మా యంత్రం ఒక రోజంతా నడిచి చెప్పిన సంగతినే ఆ గ్లాసు అరగంటలో చెప్పింది. కాకపోతే గ్లాసుకు ఆఫీసు ముద్ర వేయలేం.

ఆ రోజే గంగులప్పను చూశాం. లారీలు కుమ్మరించిన రాళ్లు క్రషరు నోట్లోకి సరిగా జారేలా గడ్డపారతో నెట్టడం అతని పని. ముఖానికి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. దానిపైన కనిపించే కనుబొమలు, రెప్పలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"వయసెంతప్పా?" అంది మేడం.

"నలభై ఉంటాది మేడం."

"నీ కనురెప్పలకు అరవై దాటినట్టుండాదే."

గంగులప్ప నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ పైకి రాలేదు. తన హాస్యానికి జనం నవ్వితే మేడం ఎప్పుడూ కొంచెం మురిసేది. ఆ రోజు మురవలేదు. ఆ దగ్గును ఆమె ఇంతకు ముందు ఇంట్లో విని ఉంది.

వారం తిరక్కుండా చలపతికి ఉత్తర్వు పంపింది. రాయి నలిగే చోట, జల్లెడ దగ్గర, కంకర రాలే చోట మిషను నడిచినంత సేపూ నీళ్లు చల్లాలి. ఇది ఆమె కనిపెట్టిన షరతేమీ కాదు. రాష్ట్రంలోని క్రషర్లన్నింటికీ అదే. కాలువల పక్కన ఆఫీసుండే ఎవరో పెద్దమనిషి రాసి ఉంటారు. ఇక్కడ యజమానులు దాన్ని కాగితం మీద ఒప్పుకునేవారు. మా వాళ్లు కాగితం మీదే తనిఖీ చేసేవారు. ఎవరికీ ఇబ్బంది లేకుండా జరిగిపోయేది. మేడం మాత్రం దాన్ని నిజం షరతనుకుంది. నీళ్లు చల్లేదాకా మిషను నడవదని చలపతికి తేల్చిచెప్పింది. చలపతి గొణిగాడు, పెద్దవాళ్లతో ఫోన్లు చేయించాడు, చివరికి లోతుగా ఒక బోరు వేయించి పైపులు బిగించాడు.

మళ్లీ మేం వెళ్లినప్పుడు క్రషరు చుట్టూ నేలంతా తడిగా ఉంది. వాన పడి వెలిసినట్టు వాసన. మేడం టీ గ్లాసు బల్ల చివర పెట్టింది, మాట్లాడింది, చూసింది. టీ మీద ఏమీ లేదు. నేను ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆమె ఒక ఫ్యాక్టరీలో టీ తాగింది. చల్లారిన టీని, చుక్క మిగలకుండా. బయట గంగులప్ప ముఖాన గుడ్డ లేకుండా నిలబడి ఉన్నాడు. కనుబొమలు నల్లగా ఉన్నాయని అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడ్తాండాది మేడం," అన్నాడు. "మా ఓబులమ్మే భయపడ్తాది. దగ్గు ఇనపడకుంటే లేసి లేసి సూస్తాది, ఉండానా పోయినానా అని."

తిరిగి వచ్చేటప్పుడు మేడం జీపులో ముందు సీట్లో కూర్చుంది. బుక్కరాయసముద్రం దగ్గర పడుతుండగా, కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా నాయనకు ఎవురూ నీళ్లు సల్లలేదప్పా," అంది. అంతే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది. మా శాఖ వార్షిక నివేదికలో ఇక్కడితోనే ఆపాం కూడా.

మరుసటి ఎండాకాలం ఒక పొద్దున ఆ పల్లె ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా ఆఫీసుకు వచ్చారు. మాది నీళ్ల ఆఫీసు కాదు, గాలి ఆఫీసని వాచ్‌మన్ నచ్చజెప్పబోయాడు. "తెలుసులేప్పా, మీ గాలికే మా నీళ్లు పోయినాయి," అని వాళ్లలో ముందున్న మనిషి అతన్ని దాటుకుని లోపలికి వచ్చేసింది. తాను ఓబులమ్మనని, గంగులప్ప భార్యనని చెప్పింది. బిందెను మేడం బల్ల మీద, ఫైళ్ల మధ్యలో పెట్టింది.

"ఆ మిషనుకు నీళ్లు సల్లమన్నది నువ్వేనంట కదా?"

"నేనే," అంది మేడం.

"ఆ బోరు ఏసినప్పట్నుంచీ మా ఊరి బోరు దిగిపోతా వచ్చి, ఇప్పుడు గాలి కక్కుతాండాది. మీకు గాలే కావల్ల కదా, వచ్చి కొల్చుకోండి."

నాకు నవ్వు రాబోయింది. మేడం ముఖం చూసి ఆపుకున్నాను.

"కూర్చో ఓబులమ్మా. గంగులప్పకు ఎట్లుండాది?"

ఓబులమ్మ కూర్చోలేదు. బిందె అంచు పట్టుకుని నిలబడే చెప్పింది. "దగ్గు తక్కువాయ మేడం. అది నేను కాదనను, అబద్ధం సెప్పకూడదు. ఆయప్పకు ఊపిరి వచ్చె, నాకు నీళ్లు పాయ. రెండు మైళ్లు నడిసి త్యావల్ల. ఇంట్లో ఊపిరి ఉండాల్నా, నీళ్లు ఉండాల్నా అని మీ ఆఫీసులో ఎవురన్నా నన్ను అడిగినారా?"

ఎవరూ అడగలేదు. అడగాలని ఏ నియమంలోనూ లేదు. మేడం ఆ బిందెలోకి తొంగి చూసింది. సంగతి చెప్పడానికి దానికి టీ గ్లాసు లాగా అరగంట కూడా అక్కర్లేకపోయింది.

ఆ వారంలోనే ఆమె క్రషరు ఆపించింది. రాళ్లు నలిగే చోటంతా రేకులతో మూసి, ఫ్యాన్లతో దుమ్మును గుడ్డ సంచుల్లోకి లాగే ఏర్పాటు చేస్తేనే మళ్లీ నడపాలని రాసింది. దానికి చుక్క నీరు అక్కర్లేదు. చలపతికి ఖర్చు మాత్రం అవుతుంది. ఆయన ఆఫీసుకు వచ్చి చేతులు కట్టుకుని, "మీరు సల్లమంటేనే కదా మేడం నేను సల్లింది? పోయినేడు టీ కూడా తాగితిరి," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మిషను ఆగిన కొన్నాళ్లూ ఊరి బోరులో నీళ్లు కాస్త ఊరాయి. ఊళ్లోకి కూలి డబ్బులు రావడం ఆగిపోయింది.

చలపతి పైకి అప్పీలు చేసుకున్నాడు. విచారణకు మేడంతో పాటు నేనూ వెళ్లాను. అక్కడి పెద్ద అధికారి మర్యాదస్తుడు. "షరతు ప్రకారం నీళ్లు చల్లుతున్నాడు కదమ్మా, మీ రిపోర్టులోనే ఉంది. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు.

"సార్, ఆ నీళ్లు యాడివి?" అంది మేడం.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన ఫైలు అటూ ఇటూ తిప్పి, చాలా నిజాయితీగా, "ఆ కాలమ్ ఇందులో లేదమ్మా," అన్నాడు.

క్రషరు తెరుచుకుంది. మేడంను సముద్రం దగ్గరి జిల్లాకు బదిలీ చేశారు. అక్కడ తేమ ఎక్కువ, దుమ్ము లేవదు, ఆరోగ్యానికి మంచిదని ఆమే మాకు చెప్పి వెళ్లింది. ఆ మరుసటేడు చలపతి బోరు కూడా ఎండిపోయింది. పైపులు మాత్రం అట్లాగే బిగించి ఉన్నాయి. తనిఖీలో పైపులున్నాయా అని చూస్తారు. ఉన్నాయి. మిషను నడిచింది. గంగులప్ప మళ్లీ ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. కొన్నాళ్లకు పనికి పోవడం మానేశాడు, తర్వాత మంచం దిగడం మానేశాడు. ఆ పల్లెలో చివరికి ఊపిరీ పోయింది, నీళ్లూ పోయాయి. ఎవరికీ అన్యాయం జరగలేదు.

అతను పోయాడని నేనే మేడంకు ఫోన్ చేసి చెప్పాను. మరునాడు ఆమె బస్సు దిగింది. నేను బండి మీద తీసుకెళ్లాను. ఓబులమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. మేడం పక్కనే నేల మీద కూర్చుంది. కాసేపటికి ఓబులమ్మ లేచి లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గ్లాసు మీద చిన్న పళ్లెం మూత పెట్టి ఉంది.

"దుమ్ము పడ్తాది మేడం," అంది.

మేడం ఆ మూత తీయడానికి చాలాసేపు పట్టింది. తీశాక నీళ్లన్నీ తాగింది. తిరిగి వచ్చే దారిలో బండి వెనక కూర్చుని నా భుజం మీద తట్టి, "ఇను. దుమ్ము యాడికీ పోదప్పా. ఒగరింట్లోంచి తీసి ఇంగొగరింట్లో పెడ్తాండాం, అంతే. పెట్టేముందు ఎవురిల్లో అడుగు," అంది.

రిటైరయ్యాక ఆమె కదిరిలోనే ఉండేది. పోయినేడు కన్నుమూసింది. ఊపిరితిత్తులు కాదు, గుండె. వినగలిగితే, దుమ్ము మీద నింద పడనందుకు సంతోషించేది.

ఆమె అడిగిన ప్రశ్నను నేను మీటింగుల్లో అడుగుతుంటాను. పరిశ్రమలవాళ్లు నీళ్లు చల్లుతామన్నా, మా వాళ్లు చల్లమన్నా, "నీళ్లు యాడివి?" అంటాను. వెనక నన్ను ఆ పేరుతోనే పిలుస్తారని తెలుసు. గాలి ప్రణాళికలో ఆ కాలమ్ చేర్చమని రాసి పంపాను. ముసాయిదాలో ఉంటుంది, అచ్చులో ఉండదు. మళ్లీ రాసి పంపుతాను.

పొద్దున ట్యాంకరు నా పక్కకు వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపాను. డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏమన్నా, నీళ్లు యాడివి?" అన్నాను.

నాకు దాహమవుతోందనుకున్నాడు కాబోలు. కిందికి దిగి, గొట్టం నీళ్లతో చేతులు కడుక్కుని, నా దోసిట్లోకి నీళ్లు వదిలాడు.

"బయపడాకు సార్, మంచినీళ్లే. మా ఇంట్లోకి గూడా దొరకవు ఇట్లాటివి. తాగు."

తాగాను. తియ్యగా ఉన్నాయి. కొట్టు అరుగు మీద వదిలిన నా టీ మీద ఒక్క దుమ్ముకణం లేదు.